పది మీటర్ల అవతల అమ్మవారు

కరోనా కాలం మీద వచ్చిన బొమ్మలు, పాటలు, వీడియోలు మనం చాలానే చూశాం. వాటిలో ఎక్కువ భాగం "ఇంట్లోనే ఉండండి, దూరం పాటించండి" అని చెప్పి ఊరుకున్నాయి. ఒకే గదిలో పదిమంది ఉండేవాళ్లు దూరం ఎలా పాటిస్తారు, ఇల్లు వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఇంట్లో ఎలా ఉంటారు అని అడిగినవి తక్కువ. అలా అడిగిన ఒక కళాకృతి గురించి రాస్తున్నాను. అది 2020 దసరాకి కోల్‌కతాలోని బెహాలాలో బరిషా క్లబ్ వాళ్లు నిలిపిన దుర్గమ్మ. ఆలోచన రింటూ దాస్‌ది, శిల్పం చేసింది పల్లబ్ భౌమిక్. నేను చూసింది ఫొటోల్లో, వీడియోల్లోనే.

మన బరంపురంలో కూడా దసరాకి దుర్గ పందిళ్లు వేస్తారు కాబట్టి అమ్మవారు ఎలా ఉంటుందో మనకు తెలుసు. పది చేతులు, ఆయుధాలు, సింహం, కాళ్ల కింద మహిషాసురుడు. ఈ విగ్రహంలో అమ్మవారి చేతిలో ఆయుధం లేదు. చొక్కా లేని పసివాణ్ణి ఎత్తుకున్న వలస కూలీ తల్లి ఆమె. ఆ పిల్లాడే కార్తికేయుడు. వెంట ఉన్న ఆడపిల్లలు లక్ష్మి, సరస్వతి. గుడ్లగూబని, హంసని చూసి వాళ్లని గుర్తుపట్టాలి. కిరీటాలూ నగల తళతళలూ లేవు, అంతా మట్టి రంగే. బెంగాలీ చిత్రకారుడు బికాశ్ భట్టాచార్జీ గీసిన దుర్గ చిత్రాలు ఈ శిల్పానికి స్ఫూర్తి. ఆయన కూడా మామూలు ఆడవాళ్లలోనే దేవతను చూపించారు.

ఆ సంవత్సరం పందిరికి పెట్టిన పేరు "త్రాణ్". బెంగాలీలో ఆ మాటకి ఆపదలో అందించే సాయం అని అర్థం. మన తెలుగులో త్రాణ అంటే ఓపిక, బలం. జ్వరం తగ్గినవాళ్లు "ఒంట్లో త్రాణ లేదు" అంటారు కదా. ఈ విగ్రహాన్ని తెలుగువాళ్లుగా చూస్తే రెండు అర్థాలూ కనిపిస్తాయి. ఆమెకి సాయం అందలేదు, త్రాణ ఉంది కాబట్టే నడిచింది.

లాక్‌డౌన్ సంగతి 2020 మార్చి 24 రాత్రి చెప్పారు, నాలుగు గంటల్లో అమల్లోకి వచ్చింది. కూలీల కోసం ప్రత్యేక రైళ్లు మొదలైంది మే 1న. మధ్యలో ఐదు వారాలు దాటాయి. మన గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లినవాళ్లు వేలాది మంది. అక్కడ ఒకే గదిలో షిఫ్టుల ప్రకారం వంతులేసుకుని పడుకునేవాళ్లకి ఆరడుగుల దూరం ఎక్కడ దొరుకుతుంది? చివరికి వాళ్లు తిరిగొస్తే ముందు బడుల్లో క్వారంటైన్‌లో పెట్టారు. అందుకే బెంగాల్ విగ్రహం నాకు పరాయి ఊరిదిలా అనిపించలేదు.

ఇంకో విషయం శిల్పి చేతిలో లేనిది. జనం గుమిగూడకూడదని 2020 అక్టోబర్ 19న కలకత్తా హైకోర్టు పందిళ్లలోకి సందర్శకులు వెళ్లకూడదని చెప్పింది. పెద్ద పందిళ్లకి 10 మీటర్లు, చిన్నవాటికి 5 మీటర్లు ఇవతలే ఆగాలి. ఆ నిబంధన అవసరమే, అందరి ప్రాణాల కోసమే. కానీ రోడ్డు మీద నడిచిన తల్లిని అప్పుడు మనం టీవీలో దూరం నుంచే చూశాం. ఆమె విగ్రహాన్నీ తాడు ఇవతల నిలబడి చూడాల్సి వచ్చింది. ఆ దూరం కూడా ఈ కళలో భాగమైపోయిందని నేననుకుంటున్నాను.

మెచ్చుకుంటూనే నాకున్న అభ్యంతరం చెప్తాను. కూలీని దేవతని చేస్తే మనం సులువుగా దండం పెట్టేస్తాం. దేవతకి ఆకలి వేయదు, జీతం బాకీ ఉండదు, టికెట్ డబ్బులు అక్కర్లేదు. ఆ తల్లికి ఇవన్నీ కావాలి. "త్రాణ్" అనే పేరు కూడా ఎవరో దయతలచి ఇచ్చేదాన్నే గుర్తుచేస్తుంది, ఆమెకి హక్కుగా రావలసినదాన్ని కాదు. పైగా దసరా అయ్యాక విగ్రహం ముందు నుంచి జనం వెళ్లిపోతారు.

అయినా ఈ పని విలువ తగ్గదు. దారిలో ఎంతమంది వలస కూలీలు చనిపోయారో లెక్క లేదని ఆ సెప్టెంబర్‌లోనే కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. లెక్కలో లేని మనుషుల్లో ఒకరిని ఊరందరి ఎదుట, పూజ జరిగే చోట నిలబెట్టారు ఈ కళాకారులు. అది ధైర్యమే.

ఉపాధ్యాయులకి నాదొక విన్నపం. సూరత్ నుంచి తిరిగొచ్చినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. ఎన్నాళ్లు ఆగారు, ఎలా వచ్చారు, ఎంత కూలి రావాల్సి ఉంది అని మేం అడిగి, వాళ్లు ఒప్పుకుంటే వచ్చే సంచికలో రాస్తాం. ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా రాసుకోగలం.