పక్కవాడి రెక్క మీదే చూపు

2024 డిసెంబర్ 8న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. హుస్సేన్‌సాగర్ మీదుగా వాయుసేన సూర్యకిరణ్ జట్టు తొమ్మిది హాక్ విమానాలతో విన్యాసాలు చేస్తోంది. చప్పుడు వచ్చిన వైపు చూస్తే విమానం కనపడదు, అప్పటికే అది దాటిపోయి ఉంటుంది. పిల్లలు ఈ కిటుకు చప్పున పట్టేస్తారు, మెడలు పట్టేసేది పెద్దవాళ్లకే.

విమానానికీ విమానానికీ మధ్య ఐదు మీటర్ల ఎడం కూడా ఉండని ఆ వరుస చూసి అందరూ అడిగేది ఒకటే: గుద్దుకోవేం? జవాబు వింటే భయం ఇంకాస్త పెరుగుతుంది. ఆ తొమ్మిది మందిలో దారి చూస్తున్నది ఒక్కడే. మిగతా ఎనిమిది మంది నేలను చూడరు, ఎదర ఆకాశాన్ని చూడరు, కాక్‌పిట్‌లో తమ ముందున్న మీటర్లనూ దాదాపు చూడరు. వాళ్ల కళ్లు పక్క విమానం మీద రెండు గుర్తుల దగ్గర అతుక్కుని ఉంటాయి. రెక్క కొస ఫలానా గీతకు సరిగ్గా ఆనినట్టు కనపడితే తాను ఉండాల్సిన చోట ఉన్నట్టు. గీత పైకి జారితే ఒక తప్పు, కిందికి జారితే ఇంకో తప్పు. దిద్దుబాటు వేలి కొసతో జరగాలి. చేయి మొత్తం కదిపితే అప్పటికే ఆలస్యమైనట్టు. కోలాటంలో ఎదుటివాడి కర్రను చూసే మన కర్ర వేస్తాం కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ కర్ర బరువు టన్నుల్లో ఉంటుంది.

ముందు పోయేవాడి పని చూడ్డానికి తేలిక. కానీ అతను నడిపేది తన విమానం ఒక్కదాన్నే కాదు, తొమ్మిదింటినీ. జట్టు మలుపు తిరిగేటప్పుడు వెలుపలి అంచున ఉన్నవాడు ఎక్కువ దూరం పోవాలి, లోపలి అంచువాడు తక్కువ. అందుకే నాయకుడు ఇంజిన్ శక్తి మొత్తం ఎప్పుడూ వాడడు. తాను పూర్తిగా వాడేస్తే అంచున ఉన్నవాడికి అందుకోవడానికి ఏం మిగులుతుంది? మలుపు మొదలుపెట్టే ముందు రేడియోలో గొంతు కూడా సాగదీసి పలుకుతాడు. ఆ పలుకు లయనుబట్టే ఎనిమిది చేతులు కదులుతాయి. గొప్ప నాయకుడంటే తెగువ గలవాడు అనుకుంటాం గానీ, ఈ విద్యలో మాత్రం కుదుపు లేనివాడు.

ఈ చూపు ఒక్క రోజులో అబ్బేది కాదు. గండిమైసమ్మ చుట్టుపక్కల వాళ్లకు దుండిగల్ వాయుసేన అకాడమీ శిక్షణ విమానాల రొద ఇంట్లో మిక్సీ మోతంత మామూలు. యుద్ధవిమాన పైలట్ కాబోయేవాడు అక్కడ పిలాటస్ విమానంతో మొదలుపెట్టి, హకీంపేటలో కిరణ్ జెట్ మీద చెయ్యి తిప్పుకుని, తర్వాత బీదర్‌లో హాక్ దాకా పోతాడు. 2016 జూన్‌లో దుండిగల్‌లో పట్టా అందుకున్న తొలి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ కూడా హకీంపేట కిరణ్‌ల మీద నేర్చుకుని, ఆపైన బీదర్‌ హాక్‌ల మీద ఎగిరినవాళ్లే. ఈ మెట్లలో ఒకటి జంటగా ఎగరడం. మొదట ఇద్దరు, తర్వాత నలుగురు, అదీ బాగా ఎత్తులో. ఒళ్లు కూడా దానికి అలవాటు పడాలి. మలుపులో ఐదు జీ ఒత్తిడి వస్తే 70 కిలోల మనిషి 350 కిలోలవుతాడు. నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది, కళ్ల ముందు రంగులు వెలిసిపోయి బూడిదవుతాయి. కాళ్లూ పొట్టా బిగబట్టి, పొట్టి ఊపిరులు తీస్తూ దాన్ని ఆపాలి. ఆ స్థితిలోనూ చూపు ఆ రెండు గుర్తుల మీద నుంచి జారకూడదు.

విన్యాసాలూ శిక్షణా ఒకే గూటివని చెప్పడానికి మనకు దగ్గరి కథే ఉంది. 1996లో బీదర్‌లో సూర్యకిరణ్ పుట్టింది కిరణ్ విమానాలతోనే. 2009 జులైలో మెదక్ జిల్లాలో దీపక్ అనే శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ రకాన్ని మొత్తం నేలకు దించేశారు. కొత్తవాళ్లకు నేర్పే విమానాలకు కరువొచ్చింది. 2011 ఫిబ్రవరిలో బెంగళూరు ప్రదర్శన తర్వాత సూర్యకిరణ్‌ను ఆపి, దాని కిరణ్‌లను శిక్షణకు మళ్లించారు. జనం చప్పట్లు కొట్టిన విమానమే మర్నాడు పాఠం చెప్పింది. ఆ జట్టు హాక్‌లతో తిరిగి లేచేసరికి 2015 వచ్చింది.

ఈ విన్యాసాల మూల్యం తక్కువేం కాదు. 2019 ఫిబ్రవరిలో బెంగళూరు ప్రదర్శనకు ముందురోజు, సాధనలో రెండు సూర్యకిరణ్ హాక్‌లు ఢీకొని ఒక పైలట్ ప్రాణం పోయింది. ఇంత పణం పెట్టి రంగుల పొగ చూపించడం దేనికని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. ఆకాశంలో పొగతో గుండె బొమ్మ గీసినందుకు యుద్ధం గెలవం. కానీ ఆ గుండె బొమ్మ గీసిన చెయ్యి పనికొచ్చే చోటు ఒకటుంది. దాన్ని చూడ్డానికి ఏ ట్యాంక్‌బండ్ మీదా చోటు దొరకదు.

యుద్ధవిమానానికి ఆకలి ఎక్కువ, కడుపు చిన్నది. ఆయుధాలు నిండా మోసుకుని లేవాలంటే ఇంధనం తగ్గించుకోవాలి. అందుకే గాల్లోనే పోస్తారు. మన వాయుసేనకు ఈ పని చేసేవి 2003 నుంచి ఆగ్రాలో ఉన్న ఇల్యూషిన్-78 ట్యాంకర్లు. ఒక్కో ట్యాంకర్ రెండు రెక్కల కింద చెరొకటి, తోక వైపు ఒకటి, మొత్తం మూడు గొట్టాలు వదులుతుంది. ప్రతి గొట్టం చివరా గరాటులాంటి బుట్ట. వెనక వచ్చే యుద్ధవిమానం ముక్కు దగ్గరి గొట్టాన్ని ఆ బుట్టలో దూర్చాలి. దగ్గరయ్యేది మనిషి నడక వేగంతోనే, కానీ రెండూ గంటకు వందల కిలోమీటర్ల మీద ఉంటాయి. ముక్కు తోసే గాలికి చివరి క్షణంలో బుట్ట పక్కకు ఒరుగుతుంది. కొత్తవాడు అప్పుడే బుట్టను చూస్తాడు, దాని వెంట పడతాడు, చెయ్యి అటూ ఇటూ ఊగిపోతుంది. పాతకాపు చెప్పేది ఒకటే: బుట్టను చూడకు, ట్యాంకర్‌ను చూడు. మళ్లీ అవే గుర్తులు, అదే రెక్క. బుట్ట కంటి అంచున ఉంటే చాలు.

తగిలాక కూడా పని అయిపోదు. ఇంకాస్త ముందుకు తోస్తేనే ఇంధనం పారుతుంది. నిండేకొద్దీ విమానం బరువెక్కి వెనక్కి లాగుతుంది, ఇంజిన్‌ను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. 2018 సెప్టెంబర్ 10న తేజస్ యుద్ధవిమానం మొదటిసారి ఇలా ఇంధనం తాగింది. 20,000 అడుగుల ఎత్తులో, గంటకు 500 కిలోమీటర్ల వేగం మీద 1,900 కిలోలు. రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్ నుంచి అంబాలా వచ్చిన తొలి ఐదు రఫేల్‌లూ దారిలో ఫ్రెంచి ట్యాంకర్ దగ్గర నింపుకున్నాయి. వాటి ఫొటోలు పత్రికల్లో వచ్చాయి గానీ, అక్కడ చప్పట్లు కొట్టడానికి ఎవరున్నారు?

దుండిగల్‌లో ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ, పట్టాల కవాతు జరుగుతుంది. నెత్తి మీదుగా శిక్షణ విమానాలు వరుస తీరి పోతుంటే తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తుతారు. మైదానంలో నడుస్తున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ మాత్రం తల ఎత్తరు. వరుస చెడకుండా ఓరకంట పక్కవాళ్ల భుజాన్ని గమనించుకుంటూ అడుగు వేస్తుంటారు.