ఒక్క చప్పట్లో గది జాతకం

గోపాలపట్నంలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఏదో ఒక ఫ్లాట్‌లోకి, సామాను దిగకముందే వెళ్ళి గట్టిగా ఒక చప్పట కొట్టి చూడండి. ఆ చప్పుడు అక్కడితో ఆగదు. గింగురుమంటూ గోడకీ గోడకీ మధ్య తిరుగుతుంది. కింద టైల్సు, పైన శ్లాబు, చుట్టూ పుట్టీ పెట్టిన నున్నటి గోడలు, ఓ పక్క కిటికీ అద్దం. చప్పుడుని మింగేదేదీ అక్కడ లేదు. అలాంటి గదిలోనే మనం హోమ్ థియేటర్ బిగించుకుంటాం. మాటలు తెలియడం లేదని సౌండు పెంచుతాం. మాటతో పాటు గోలా పెరుగుతుంది.

బేస్ సంగతి ఇంకా చిత్రం. శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు పోతుంది. 10 అడుగుల గదిలో ఎదుటి గోడకి వెళ్ళి తిరిగి రావడానికి 20 అడుగులు. 1130ని 20తో భాగిస్తే 56 పైచిలుకు వస్తుంది. అంటే సెకనుకి 56 సార్లు కంపించే స్వరం ఆ రెండు గోడల మధ్య ఊయలలా ఊగుతూ నిలబడిపోతుంది. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ పదేసి అడుగులైతే మూడు ఊయలలూ ఆ ఒక్క స్వరం మీదే ఊగుతాయి. సినిమాలో డప్పు కొట్టినా, బాంబు పేలినా అదే ‘బుమ్’. వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, చెవికి మాత్రం నలుచదరపు గది అచ్చిరాదు. ఎత్తు 1 అయితే వెడల్పు 1.14, పొడవు 1.39 ఉంటే మేలని 1965లో సెప్‌మేయర్ అనే ధ్వని నిపుణుడు లెక్కగట్టాడు. 10 అడుగుల శ్లాబుకి దాదాపు పదకొండున్నర, పద్నాలుగు అడుగులు. అప్పుడు ఆ స్వరాలు 56, 49, 40గా విడివిడిగా సర్దుకుంటాయి.

ఫ్లాట్ కొన్నవాడికి గోడలు జరిపే వీలుండదు. సోఫా జరపొచ్చు. గది నడిమధ్య కూర్చుంటే ఆ 56 స్వరం దాదాపు మాయమవుతుంది. వెనక గోడకి ఆనుకుంటే చెవులు దిమ్మెక్కేలా మోగుతుంది. మనవాళ్ళ సోఫాలన్నీ గోడకే అంటుకుని ఉంటాయి! వెనక గోడకి మూడు నాలుగు అడుగులు ఎడంగా జరిపితే చాలావరకు కుదురుతుంది. సబ్‌వూఫర్‌కి ఒక పాత చిట్కా ఉంది. దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ వినాలి. ఎక్కడ తేటగా వినిపిస్తే అక్కడికి మార్చాలి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో సబైన్ అనే యువ అధ్యాపకుడికి, మాట అర్థంకాని ఉపన్యాసశాలని బాగుచేసే పని అప్పగించారు. అతను పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, రాత్రిళ్ళు ఒక్కొక్క వరసే పేరుస్తూ, చప్పుడు ఎంతసేపటికి ఆరుతుందో కొలిచాడు. గది ఎంత పెద్దదైతే అంత ఆలస్యం, మింగే వస్తువు ఎంత ఎక్కువైతే అంత తొందర అని తేల్చాడు. ఆ మెత్తల పని మన ఇంట్లో దూది పరుపూ, బొంతా చేస్తాయి. గోడకి అంగుళం మందం ఫోమ్ ముక్కలు అంటించుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది: అవి ‘స’, ‘ష’ల పదునుని మింగుతాయి, 20 అడుగుల పొడవున్న బేస్ అలకి అవి ఉన్నట్టే తెలియదు. కోడిగుడ్ల అట్టల గురించి చెప్పనే అక్కర్లేదు.

అలాగని అన్నీ మింగేస్తే గది చచ్చినట్టుంటుంది. కొంత చప్పుడుని చెదరగొట్టాలి. అదెలాగో కళ్ళతో చూడాలంటే పక్కనున్న సింహాచలం కొండ ఎక్కండి. అక్కడి గుడి కల్యాణమండపంలో 96 స్తంభాలు, వాటి నిండా శిల్పాలు. అంతా రాయే అయినా, ఎత్తుపల్లాలున్న ఆ రాతి మీద పడ్డ నాదస్వరం ఒకే దారిన వెనక్కి రాదు, ముక్కలై నలువైపులా పోతుంది. పాత పెంకుటిళ్ళలో ఏటవాలు కప్పూ, దూలాలూ కలిసి ఆ పనే చేసేవి. ఫ్లాట్‌లో అయితే చిన్నా పెద్దా పుస్తకాలు ఎగుడుదిగుడుగా పేర్చిన అలమర చాలు. ఇనప బీరువా మాత్రం వద్దు, బేస్‌కి తనూ గొంతు కలుపుతుంది.

ఇవన్నీ అయ్యాక మళ్ళీ చప్పట కొట్టండి. పొడిగా ‘టప్’ అని ఆగితే గది దారికొచ్చినట్టే. అప్పుడే ఇంకో సంగతి బయటపడుతుంది: ఇన్నాళ్ళూ గది గోలలో కలిసిపోయిన ఫ్యాను చప్పుడూ, సింహాచలం స్టేషన్ మీదుగా పోయే గూడ్సు బండి గుడగుడా విడిగా వినిపిస్తాయి. బయటి నుంచి వచ్చే చప్పుడుకి బొంత పనికిరాదు. బరువైన తలుపు కావాలి, దాని కింద అర అంగుళం సందు కూడా ఉండకూడదు.