అపేక్ష, నిరీక్షణ: ‘మిడిల్‌మార్చ్’లో ఒక దాంపత్యము

క్రైస్తవ వివాహమున వధూవరులు దేవాలయములో చేయు ప్రమాణములను అందరును విందురు. వారు మనస్సులో దాచుకొని వచ్చు కోరికలను ఎవరును వినరు. ఒక్కొక్కప్పుడు అవి వారికే వినబడవు. ఇంగ్లండు సంఘపు 1662 నాటి ప్రార్థన గ్రంథము వధువుచేత మాత్రమే విధేయతను ప్రమాణము చేయించినది. అక్కడి అన్యాయము కంటికి కనబడుచున్నది. కనబడని అన్యాయమును గూర్చి వ్రాసినది జార్జి ఎలియట్. 1871-72లో ఎనిమిది భాగములుగా వెలువడిన ‘మిడిల్‌మార్చ్’ నవలలో డొరోతియా, కాసాబన్‌ల కాపురమును వయోభేదమువలన చెడిన సంసారముగా చదువుట సులభము. పెండ్లినాటికి ఆమెకు 19, ఆయనకు 45 దాటినవి. కాని వయస్సు ఇందులో స్వల్పాంశము.

రచయిత్రి చర్చి విశ్వాసమును విడిచిన మనిషి. స్ట్రౌస్ వ్రాసిన యేసు చరిత్రను, ఫాయర్‌బాక్ క్రైస్తవమత విమర్శను జర్మను నుండి ఇంగ్లీషు చేసినది. అట్టి యామె ఒక మతాచార్యుని దాంపత్యమును ఇంత దయతో చూడగలిగినది. అనువాదకులమైన మనము దీనికి కొంత గర్వింపవచ్చునేమో.

డొరోతియా గాఢమైన భక్తి గల పిల్ల. అంధుడైన మిల్టన్ వంటివానిని పెండ్లాడి సేవ చేయుట ఆమెకు భాగ్యముగా తోచును. భర్త అనగా తండ్రివంటి గురువు. కావలెనన్న హీబ్రూ కూడ నేర్పవలెను. కాసాబన్ సకల పురాణములకును మూలము చూపు గ్రంథమునకై ఏండ్ల తరబడి సామగ్రి కూర్చుచున్నాడు. ఆమె ఆయనలో మహర్షిని చూచినది. ఆయన ఆమెలో తన్ను ప్రశ్నింపక ఆరాధించు లేఖకురాలిని చూచినాడు. ఇరువురిలో ఎవరును అబద్ధమాడలేదు. ఎదుటివారిని అడుగకయే వారికొక పాత్రను వ్రాసి పెట్టుకొన్నారు. పెండ్లియైన కొలది వారములకు రోము నగరములో, ఇన్ని నోటుపుస్తకములలో చేర్చినదానిని ఇక గ్రంథముగా వ్రాయరాదా అని ఆమె అడుగును. ప్రేమతో అడిగిన మాటయే. ఆ గ్రంథము పూర్తికాదేమోనని లోలోన భయపడుచున్నవానికి అది లోకమంతయు వాకిట నిలిచి నిలదీసినట్లు తోచినది.

29వ ప్రకరణారంభమున రచయిత్రి డొరోతియాను గూర్చి చెప్పబోయి, వాక్యము నడుమ ఆగి, ఎప్పుడును ఆమెను గూర్చియేనా అని తన్ను తానే నిలదీసికొని కాసాబన్ మనస్సులోనికి పోవును. అప్పటికి చదువరి ఆయనపై విసిగియుండును. ఆ మలుపుతో చదువరి తీర్పు కూడ కొంత సడలును. రోజమండ్ విషయమున మాత్రము రచయిత్రి ఇంత ఔదార్యము చూపలేదని నా అభిప్రాయము. లిడ్గేట్ ఆమెనుండి కోరినదియు అన్యాయమే. అయినను ఆమె లోపలికి మనలను అంతగా రానీయలేదు.

నవలకు గుండెకాయ 42వ ప్రకరణము. హృద్రోగమని, ఆకస్మిక మరణము కలుగవచ్చునని వైద్యుడు కాసాబన్‌కు చెప్పి వెళ్లినాడు. తోటబాటలో నిలిచిన భర్తను సమీపించి డొరోతియా ఆయన చేతిలో చేయి వేయును. ఆయన చేయి కర్రవలె బిగిసియుండును. ఆ జాలి ఆయనకు వలదు. తన గదికి పోయి ఆమె మండిపడును. ఆ కోపమును రచయిత్రి తొందరపడి చల్లార్చలేదు. గ్రంథాలయములో ఒంటరిగా భుజింతునని భర్త కబురంపగా ఆమె భోజనమే మానును. సాయంకాలమంతయు తనతో తాను పెనగులాడి, రాత్రి మెట్ల పైభాగమున చీకటిలో నిలిచి, ఆయన దీపముతో పైకి వచ్చువరకు కనిపెట్టుకొని యుండును. ఆయన ఆశ్చర్యపడి దయగల మాట ఒకటి పలుకును. చేయి పట్టుకొని ఇరువురును నడచిపోవుదురు. అంతే. ఆయన మారలేదు, గ్రంథము కదలలేదు, ఆమెకు గురువు దొరకలేదు.

ఈ ఘట్టమును తెలుగు చేయబూనినచో ఒక చిక్కు వచ్చును. ఇంగ్లీషున ఒకే మాట చెప్పు అర్థము మన భాషలో రెండుగా చీలును. అపేక్ష యన్నచో ఎదుటివానినుండి మనకు రావలసినది ఒకటి కలదని. నిరీక్షణ యన్నచో కనిపెట్టుకొని యుండుట. విశ్వాసప్రేమల సరసన నిలుచు మూడవ గుణమునకు తెలుగు బైబిలు అనువాదకులు నిరీక్షణ అను మాటనే ఎన్నుకొన్నారు. మెట్లపై డొరోతియా అపేక్షను విడిచినది, నిరీక్షణను విడువలేదు. ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు ఈ భేదము ఇంత స్పష్టముగా తోచలేదు.

అయితే ఒక్కరే విడిచినచో? 48వ ప్రకరణమున కాసాబన్, తాను పోయిన పిదప కూడ తన ఇష్టప్రకారము నడుచుకొందునని మాట ఇమ్మనును. ఆ ఇష్టమేమో చెప్పడు. ఆమె ఉదయమువరకు గడువడుగును. ఒప్పుకొనుటకే సిద్ధపడి తోటలోనికి పోవుసరికి ఆయన మరణించియుండును. ఈ మరణము రచయిత్రికి మరీ అనుకూలముగా వచ్చినదని ఆక్షేపింపవచ్చును. అందు కొంత న్యాయము లేకపోలేదు. సహనమునే సతీధర్మముగా బోధించు కథకుడైనచో ఆమెచేత మాట ఇప్పించి కథ ముగించియుండును. ఎలియట్ అట్లు చేయలేదు. ఆమె లాడిస్లాను పెండ్లాడినచో ఆస్తి పోవునని వీలునామాలో చేర్చిన షరతు తరువాత బయటపడును. 54వ ప్రకరణమున డొరోతియా, భర్త తనకై సిద్ధము చేసియుంచిన పట్టికను ఒక కవరులో పెట్టి, తనకు నమ్మకములేని పనికి తన ఆత్మను లోబరచలేనని గతించినవానిని సంబోధించి కవరు లోపలివైపున వ్రాయును. దానికి ముద్రవేసి తన బల్లలోనే దాచుకొనును.