డిగ్రీ అయినాక ఏం చేసేది సార్?

ఫైనలియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు పెట్టే రోజుల్లో ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ల్యాబు ఖాళీ అయ్యేదాకా ఆగి, కడిగిన పిపెట్టునే మళ్లీ కడుగుతూ ఎవరో ఒకరు అడుగుతారు: "ఎమ్మెస్సీకి పోయేదా, బీఈడీ చేసేదా సార్? దేనికి స్కోప్ ఉండాది?" చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. పాఠం తయారు చేసుకోవడానికి పుస్తకాలున్నాయి. ఈ ప్రశ్న అడిగిన పిల్లకు తోడు నిలవడానికి ఏ పుస్తకమూ లేదు.

స్కోప్ దేనికుందో చెప్పేసి పంపడం సులువే. నేను ఆ పని చేయను. ఒక తెల్లకాగితం ఇచ్చి మనసులో ఉన్న దారులన్నీ రాయమంటాను. ఒక్కోదాని కింద ఏ ఎంట్రెన్స్ రాయాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఫీజూ హాస్టలూ కలిసి ఎంత, ఇంట్లో ఎవరేమంటున్నారు, ఇవన్నీ రాయాలి. చివరి గడి మాత్రం వేరే. అందులో చేరాక ఒక సోమవారం పొద్దున పది గంటలకు నువ్వేం చేస్తుంటావో రాయమంటాను.

పలమనేరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి కాగితం నాకు బాగా గుర్తుంది. బీఈడీ కింద ఇంటివాళ్ల మాటలన్నీ పొందికగా రాసింది: ఊరికి దగ్గర, ఆడపిల్లకు మర్యాదైన ఉద్యోగం, మేనమామకు కూడా ఇష్టం. సోమవారం గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. ఎమ్మెస్సీ కింద ఖర్చుల లెక్క కొట్టివేతలతో నిండిపోయింది. సోమవారం గడిలో ఒకే వాక్యం ఉంది: "తెలియని సాల్టు ఇస్తే ఏందో కనుక్కుంటా ఉంటా." నేనేమీ అనలేదు. ఆ రెండు గడులూ పైకి చదవమన్నాను. చదివి, కాసేపు కాగితం వైపే చూసి, "మా నాయన ఒప్పుకోడు సార్" అంది.

ఆ నాయన తర్వాతి వారమే వచ్చాడు. నాలుగు ఆవుల పాలు డెయిరీకి పోసి సంసారం నడిపే మనిషి. చదువు వద్దని ఒక్క ముక్క కూడా అనలేదు. "రెండేండ్లు అంటాండారు సామీ. అయినాక మళ్లా ఇంకోటి చదవాలంటాదా?" అని మాత్రం అడిగాడు. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. రెండేళ్ల తర్వాత ఉద్యోగం దొరకొచ్చు, దొరక్కనూ పోవచ్చు, టీచరు పనే కావాలంటే బీఈడీకి ఇంకో రెండేళ్లు పట్టొచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పాను. అబద్ధపు భరోసా మీద పంపిన పిల్ల మొదటి కష్టానికే ఇంటికి తిరిగొస్తుంది. అమ్మాయి పీజీసెట్ రాసి ఎస్వీయూలో ఎమ్మెస్సీ చేరింది. ఫీజుకంటే హాస్టలు దగ్గరే ఇల్లు ఎక్కువ కష్టపడింది.

బీఈడీ తక్కువదని నేననను. మంచి టీచర్లు లేకపోతే మా క్లాసులకు పిల్లలెక్కడి నుంచి వస్తారు? అయితే చాలా ఇళ్లలో బీఈడీ అంటే డీఎస్సీ, డీఎస్సీ అంటే గవర్నమెంటు ఉద్యోగం అన్న లెక్క ఒక్కటే నడుస్తోంది. 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వెళ్లింది మళ్లీ 2025 మెగా డీఎస్సీయే. పోస్టులు 16,347. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పడం ఇష్టమేనా అన్నది అసలు ప్రశ్న. ఇష్టమే అన్న పిల్లలను ఎడ్‌సెట్‌కు నేనే తోలుతాను.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే బస్సు ఏర్పేడు మీదుగా పోతుంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ అక్కడే ఉన్నాయి. మా పిల్లలు రోజూ ఆ దారినే కాలేజీకి వస్తారు. ఇంటర్ తర్వాత జేఈఈ రాయని వాళ్లకు ఐఐటీ తలుపు ఇక మూసుకుపోయిందనే వాళ్లలో చాలామంది నమ్మకం. మామూలు బీఎస్సీ చదివినవాళ్లు జామ్ అనే పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేరవచ్చని తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తులు మాత్రం ముందు ఏడాది సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. అంటే ఫైనలియర్ క్లాసులు ఇంకా గాడిన పడకముందే. సంక్రాంతి తర్వాత వచ్చి అడిగే పిల్లకు ఏం జవాబు చెప్పను? సలహా ఎంత మంచిదైనా తేదీ దాటాక ఇస్తే పనికిరాదు. అందుకే ఈ మాటలు రెండో ఏడాదిలోనే మొదలుపెట్టాలని నా పట్టు.

సమయానికి అందడం అంటే నాకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తొస్తాడు. ఆయన చిన్నప్పుడు మన తిరుపతిలోనే లూథరన్ మిషన్ స్కూల్లో చదివాడు. పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. వేలూరు వూర్హీస్ కాలేజీ నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పోయినప్పుడు ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నాడంటే, అదే కాలేజీలో చదువు ముగించిన ఒక బంధువు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చాడట. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది, పుస్తకాలు ఊరికే వచ్చాయి, సబ్జెక్టు ఖాయమైపోయింది. ఆయన జీవితం గురించి రాసినవాళ్లు తరచూ చెప్పే సంగతే ఇది. ఆ చదువే 1936లో ఆయన్ను ఆక్స్‌ఫర్డ్ ఆచార్యపీఠం దాకా తీసుకుపోయింది. అదే క్రిస్టియన్ కాలేజీలో ఆయనకంటే ముందు చదివిన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డికి సర్కారు స్కాలర్‌షిప్ దొరికింది, 1902లో కేంబ్రిడ్జికి పోయాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి వైస్ చాన్సలర్ రెడ్డి, రెండోవాడు రాధాకృష్ణన్.

ఇద్దరి తెలివికీ లోటు లేదు. అయినా ఒకరికి స్కాలర్‌షిప్, ఇంకొకరికి పుస్తకాలు సమయానికి అందాయి. మా పిల్లలకు బస్సు చార్జీ, హాస్టలు, తోడొచ్చే స్నేహితురాలు, ఇవి దారి నిర్ణయిస్తాయి. అందులో చిన్నతనమేమీ లేదు. చిన్న ఊళ్ల పిల్లలకు అందేవి మరీ తక్కువగా ఉన్నాయన్నదే నా బాధ.

కాబట్టి ఈ ఏడాది జామ్, పీజీసెట్, ఎడ్‌సెట్, ఐసెట్ రాసి సీట్లు తెచ్చుకున్న పిల్లలను ఒకటి అడుగుతున్నాను. మీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు సెకండ్‌హ్యాండు షాపులో అమ్ముకోకండి. మీరు చదివిన కాలేజీకి ఒక పూట వచ్చి, మీ డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టి, ఏ నెలలో ఏ దరఖాస్తు వేశారో సెకండియర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పి పోండి.