ఇవాళ్టి మజిలీ

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేసినవారు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. ఇంటివాళ్లు, పరివారం, బోయీలు కలిపి వంద మంది దాకా ఆయన వెంట ఉన్నారు. తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. దారిలో చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి రాస్తూ వచ్చారు. వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో ఆ మిత్రుడే దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు. నూరేళ్ల తర్వాత, 1941లో, మా బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారు వివరణలు చేర్చి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అందుకు ఆయనకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నా తక్కువే.

ఆ పుస్తకంలో నేను పదేపదే వెతుక్కుని చదివేది కాశీ గురించి కాదు, మజిలీల గురించి. వీరాస్వామయ్య గారు ఒక ఊళ్లో దిగారంటే అక్కడికొచ్చిన దారి ఇసకా, రేగడా, మధ్యలో వాగులేమైనా దాటాల్సి వచ్చిందా, ఊళ్లో అంగళ్లున్నాయా, కావలసిన సరుకులు దొరుకుతాయా, నీళ్లు మంచివేనా, దిగడానికి చోటుందా అన్నీ రాస్తారు. మర్నాడు మరో ఊరు, మళ్లీ అవే సంగతులు. వదిలొచ్చిన ఇంటి మీద బెంగ, ముందున్న క్షేత్రం మీద ఆరాటం ఏ యాత్రికుడికైనా ఉంటాయి. కానీ వంద మందికి ఆ పూట వంట కావాలంటే బెంగా ఆరాటమూ పక్కనపెట్టి బావి ఎక్కడుందో చూడాల్సిందే. ఆ చూపు నాకు ఎంతో ఇష్టం.

అందుకే ఆ పద్ధతిని ఇంట్లో కూర్చునే పాటిస్తున్నాను. రాత్రి భోజనాలయ్యాక ఒక నోటుపుస్తకంలో అర పేజీ రాస్తాను. నేనున్న ఈ విజయవాడే, ఈ వీధే ఇవాళ నేను దిగిన మజిలీ అనుకుని రాస్తాను. బజార్లో ఏమొచ్చింది, కుళాయి ఎప్పుడొచ్చింది, ఎండ ఎలా ఉంది, ఎవరు కలిశారు, ఏమన్నారు. మనసులో ఏమనిపించిందో రాయను. అది రాయడం మొదలుపెడితే కలం నా చేతిలో ఉండదు. నిన్నటికో, రేపటికో లాక్కుపోతుంది.

ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ మా ఊరి మధ్యలోంచే పోతాయి. ఎండాకాలం వాటిని కట్టేస్తారు. అడుగున బురద ఎండి పెచ్చులు లేస్తుంది. తర్వాత ఒకరోజు బ్యారేజీ దగ్గర నీళ్లొదులుతారు. ఆ రోజు వంతెన మీద నిలబడి చూస్తే, ముందుగా వచ్చేది నీళ్లలా ఉండదు. ఎండుటాకులు, నురగ, చెప్పులు, సీసాలు, ఎవరో వదిలేసిన పూలదండ, వీటన్నిటినీ తోసుకుంటూ జానెడు లోతున ఒక గోధుమరంగు పొర మెల్లగా పాకుతూ వస్తుంది. గుంట కనిపిస్తే ఆగి, అది నిండాక కదులుతుంది. దాని వెనకే పిల్లలు గట్టు మీద పరిగెడతారు. మర్నాటికి మెట్లు మునిగి ఉంటాయి. మొదట ఎలా వచ్చిందో ఆ రాత్రే రాసి పెట్టుకోకపోతే, ఏడాది తిరిగేసరికి నాకు ‘కాలవొచ్చింది’ అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

మా వీధి చివర ఆకుకూరలమ్మే ఆవిడ గోంగూర కట్ట కట్టే తీరూ అలాగే రాసుకున్నాను. అరటినార నీళ్లలో నానేసి ఉంచుతుంది. ఒక పోగు తీసి, కాడల చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసను మెలిపెట్టి చుట్టు కిందికి దోపేస్తుంది. ముడి ఉండదు. ఇంటికొచ్చి కొస పట్టుకు లాగితే విడిపోతుంది. నానని నారైతే మెలిపెట్టేటప్పుడే పుటుక్కుమంటుందని ఆవిడే చెప్పింది. ఇన్నేళ్లుగా కొంటున్న గోంగూరే. రాసుకోవాలని చూసిన రోజున ఆ చేతులు మొదటిసారి కనిపించాయి.

ఇక పాత సంగతులు. మా అమ్మమ్మగారిది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర ఒక ఊరు. వేసవి సెలవులకు వెళ్లే పిల్లలకు ఆ ఊరంటే ముంజలు, అరుగు మీద పడకలు, రాత్రి వినిపించే సముద్రపు గాలి. పెద్దయ్యాక మా తరం వాళ్లం ఎక్కడ కలుసుకున్నా అవే మాటలు. ఆ రోజులే వేరు, ఆ రుచులే వేరు. అమ్మమ్మ మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆవిడ చూసింది. వేల మంది పోయారు. బతికినవాళ్లకు తాగడానికి నీళ్లు లేవు, చెరువుల్లోకి సముద్రం వచ్చేసింది. మేం పాత రోజుల్ని పొగుడుతుంటే ఆవిడ అడ్డుపడేది కాదు. అంతా విని, “మంచినీళ్ల చెరువు ఎక్కడుండేదో గుర్తుందా మీకు?” అని అడిగేది. ఎవరికీ గుర్తుండేది కాదు. బిందెలు మోసింది మేం కాదు మరి.

జ్ఞాపకాల మీద నాకు గౌరవం ఉంది. వాటిని తుడిచేసుకుంటే మనుషులకేం మిగులుతుంది? కానీ చెరువు లేని జ్ఞాపకం అమ్మమ్మ ఊరిని నాకు చూపించదు, నా చిన్నతనాన్ని మాత్రమే చూపిస్తుంది. దాంతో పోలిస్తే ఇవాళ్టి రోజు ఎప్పుడూ వెలవెలబోతుంది. చెరువుతో సహా గుర్తు తెచ్చుకున్నప్పుడు పోలికే రాదు. మా కుళాయి విప్పితే నీళ్లొస్తున్నాయన్న సంగతి ఎంత పెద్దదో తెలుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఇప్పటికీ అంత తాజాగా ఉండడానికి కారణం ఇదేనని నా నమ్మకం. సంస్కృత పండితుల ఇంట పుట్టి తెలుగులో రాయడానికి ఆయన పడిన పాట్లు, తగవులు, పట్టుదలలు అన్నీ అందులో ఉన్నాయి. గడిచిపోయింది కదా అని ఆయన దేనికీ తీపి పూయలేదు. అందుకే నోటుపుస్తకంలో పాత సంగతులకు ఒకే నియమం పెట్టుకున్నాను. ఇవాళ కంటికో, చేతికో తగిలినదేదైనా గుర్తుచేస్తేనే రాయాలి. అప్పటి కష్టం కూడా రాయాలి.

ఊళ్లు తిరగాలన్న కోరిక సంగతి వేరు. దాన్ని రేపడానికి ఫోను చాలు. మంచు కొండలు, సరస్సులు, చెక్క ఇళ్లు, వరసగా వస్తూనే ఉంటాయి. చూసినంతసేపూ మన వీధి ఇరుకైపోతుంది. ఆ కోరికనూ నేను పుస్తకంలో రాస్తాను, కాకపోతే యాత్రికుడు రాసినట్టు రాస్తాను. ఏ రైలు, ఏ నెల, ఎక్కడ దిగాలి, ఎక్కడ పడుకోవాలి, ఎంతవుతుంది, ఏం చూడాలి. అలా రాయడానికి కూర్చుంటే చాలా ఊళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాయి. వాటి మీద నాకున్నది నిజమైన కోరిక కాదని తెలిసిపోతుంది. కొన్ని మాత్రం పేజీ నింపుతాయి. వాటికి వెళ్లి తీరాలి. డబ్బు కూడబెట్టి, సెలవు అడిగి, మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లాలి. ఉన్నచోట తృప్తిగా ఉండడమంటే తలుపేసుకుని కూర్చోవడమని ఎవరైనా చెబితే నేనొప్పుకోను.

అలా పేజీ నింపిన ఊరు గండికోట. ముద్దనూరులో రైలు దిగి జమ్మలమడుగు మీదుగా వెళ్లాను. ఎర్రటి బండల మధ్య పెన్నను పైనుంచి చూశాను. రఘునాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం తిరిగాను. కోట లోపలే ఊరుంది. ఒక ఇంటి దగ్గర మంచినీళ్లడిగితే ఒకావిడ చెంబుతో తెచ్చిచ్చి, ఏ ఊరని అడిగింది. బెజవాడ అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. “ఏమ్మా, మీరు దినామూ కిష్ణలో మునుగుతారా?” అంది. దుర్గమ్మ గుడి మెట్లెక్కాలని, కృష్ణలో మునగాలని ఆవిడకు ఎన్నాళ్లనుంచో ఉందట. లోయ అంచున బండ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను పెన్న గురించి అడిగాను. మేకలు తప్పిపోతే దిగి వెతికే దారులు చూపించింది. ఆవిడ కృష్ణ గురించి అడిగింది. ఘాట్లు, పుష్కరాల జనం, లాంచీలు, దీపాలు అన్నీ చెప్పాను. చెబుతుంటే నా ఊరిని నేనే కొత్తగా వింటున్నట్టయింది. తిరిగొచ్చిన మర్నాడు తెల్లవారుజామునే నదికి వెళ్లి స్నానం చేశాను.

మా అన్నయ్య కూతురు డాలస్‌లో ఉంటుంది. వెళ్లిన కొత్తలో ఫోను చేస్తే అన్నీ పాతవే అడిగేది. మన పాత ఇల్లు ఎలా ఉంది, ఆ కిటికీ తీసేశారా, ఆ చెట్టు ఉందా. చెబుతుంటే ఏడ్చేది. అక్కడి గురించి అడిగితే “ఏముందత్తా ఇక్కడ” అనేది. ఒకసారి దానికి నా పుస్తకంలో కొన్ని పేజీలు చదివి వినిపించాను. గోంగూర కట్ట, కాలవ నీళ్లు. నువ్వూ నీ మజిలీ గురించి రాసి పంపమన్నాను. మొదట బద్ధకించింది. తర్వాత వారానికొకటి వస్తోంది. అక్కడి ఇండియన్ దుకాణంలో గోంగూర ఎలా ఉంటుందో, పక్కింటి మెక్సికన్ ముసలాయన మిరపమొక్కలకు పొద్దున్నే నీళ్లెలా పోస్తాడో, వడగళ్ల వానకు కార్లెలా సొట్టలు పోతాయో రాస్తుంది. బెంగ పోయిందని చెప్పలేను. పోవాలని కూడా నేను కోరుకోను. కానీ ఇప్పుడు మా పిల్ల ఆ ఊళ్లో కాపురముంటోంది. ముసలాయన ఇచ్చిన మిరపకాయలతో పచ్చడి చేసి ఆయనకే పంపించిందట.

ఈ డిసెంబరులో వస్తోంది. దివిసీమ చూడాలంటోంది, ఇప్పుడెలా ఉందో అలాగే. ఏం చూడాలో ఇద్దరం విడివిడిగా రాసుకున్నాం. అది మొదట రాసింది హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. అక్కడ పొద్దుపొడుపు చూడాలట. అవనిగడ్డలో రాత్రి పడుకోవడానికి చోటుందా, చీకటితోనే కోడూరు మీదుగా వెళ్లడానికి బస్సుందా, ఆటో మాట్లాడుకోవాలా, ఈ ఆదివారం కనుక్కుంటాను.