మసీదు దాటితే మూడొందల మూడు

ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో 2024 జూలై 1 తర్వాత కొన్ని నెలలు ఎక్కడ నిలబడినా ఒకటే ప్రశ్న వినపడేది: "దానికిప్పుడు నంబరెంత?" అంతకుముందు ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం లేని ప్రశ్న అది. హత్యంటే త్రీ నాట్ టూ, హత్యాయత్నమంటే త్రీ నాట్ సెవెన్, మోసమంటే ఫోర్ ట్వంటీ. లాయర్లకే కాదు, కోర్టు ఎదురుగా టీ అమ్మే మనిషికీ, వాయిదాకొచ్చిన సాక్షికీ ఆ అంకెలు నోట్లో ఉండేవి. 1862 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్ జనం మాటల్లో అంతగా కలిసిపోయింది. ఒక్క అర్ధరాత్రితో ఆ 511 సెక్షన్లు పోయి, 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 531 సెక్షన్ల నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో 170 సెక్షన్ల సాక్ష్య అధినియమం వచ్చాయి. హత్యకు శిక్ష 103లోకి పోయింది, హత్యాయత్నం 109లోకి. మోసం 318లో నాలుగో ఉపసెక్షన్. 420 అనే నంబరే కొత్త చట్టంలో లేదు.

కోర్టులో ఏళ్లుగా ఉన్నవాళ్లం అవసరం కొద్దీ నేర్చుకుంటాం. నా దిగులంతా ఆలిండియా బార్ ఎగ్జామ్ రాయబోయే పిల్లల గురించి. లా చదివి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుని, నల్లకోటు వేసుకుని మా దగ్గర జూనియర్లుగా చేరినవాళ్లు రెండేళ్లలోపు ఈ పరీక్ష గట్టెక్కాలి. వంద ప్రశ్నలు, 19 సబ్జెక్టులు. రాజ్యాంగానికి 10, సివిల్ ప్రొసీజర్‌కు 10, కొత్త క్రిమినల్ ప్రొసీజర్‌కు 10, న్యాయ సంహితకు 8, సాక్ష్యానికి 8, ఇట్లా పంచుకుంటూ పోయి చివరికి భూసేకరణకు 2. తెలుగులోనూ రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. 2011 మార్చి 6న మొదటిసారి పెట్టినప్పుడు పుస్తకాలు పక్కన పెట్టుకుని రాశారు. 2021 నుంచి గైడ్లనూ నోట్సులనూ లోపలికి రానివ్వడం లేదు. వ్యాఖ్యలేమీ లేని బేర్ యాక్టు మాత్రం తీసుకుపోవచ్చు. ఇట్లాంటి పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందా లేదా అన్న వాదన కూడా 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో ముగిసింది. ఉందని తేల్చారు.

"యాక్టు పక్కనే ఉంటాది కదా మేడమ్, ఇంక బట్టీ ఎందుకు?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కడుందో తెలియనివాడికి పుస్తకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వంద ప్రశ్నలకూ పేజీలు తిరగేస్తూ కూర్చుంటే సగం పేపరు కూడా కాదు. అయినా నేను ధారణ కోసం పట్టుబట్టేది పరీక్ష కోసమొక్కటే కాదు. బోనులో నిలబడిన సబ్ ఇన్‌స్పెక్టరు "ముద్దాయి మా ఎదుట నేరం ఒప్పుకుని..." అని మొదలుపెట్టిన మరుక్షణం డిఫెన్సు లాయరు లేవాలి. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదని, సాక్ష్య అధినియమం 23లో మొదటి ఉపసెక్షన్ చూడమని అనాలి. ఫోన్లో వెతికి చెప్పేలోపు ఆ వాక్యం రికార్డులోకి ఎక్కిపోతుంది. దాన్ని తీయించడానికి హైకోర్టు దాకా పోవాల్సి రావచ్చు. కటకటాల వెనక ఉన్న మనిషి బతుకు ఆ రెండు సెకన్ల మీద ఉంటుంది.

మరి ఇంత సరుకు తలలో నిలిచేదెట్లా? మా ఆఫీసుకొచ్చే పిల్లల బేర్ యాక్టులు చూస్తే పేజీ పేజీకీ పసుపు గీతలు, వాటి మీద ఆకుపచ్చ గీతలు. ఐదుసార్లు చదివామంటారు. పుస్తకం మూసి 'చెప్పు' అంటే నోరు పెగలదు. చదివినకొద్దీ ఆ పేజీ కంటికి పరిచయమవుతుంది. పరిచయమైనదల్లా వచ్చేసినట్లే అనిపిస్తుంది. ఇది మన పిల్లలొక్కరి బలహీనత కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి పరీక్షించారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం. మన పంతుళ్లు పొద్దున్నే ఎక్కాలు అప్పజెప్పించుకున్నది ఇందుకే. బడిలో ఆ అప్పజెప్పే పద్ధతిని మొరటుదని తీసేశాం. దాంతోపాటు చాలా పోగొట్టుకున్నాం.

ఈ సంగతి తెలుసుకోవడానికి మా ప్రాంతం వాళ్లు అమెరికా దాకా పోనక్కర్లేదు. ఇది అవధానుల సీమ. 1888లో జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, ఆయనతో కలిసి జంటగా అవధానాలు చేసిన గడియారం వేంకటశేషశాస్త్రి, తర్వాతి తరంలో సి.వి.సుబ్బన్న శతావధాని అందరూ ప్రొద్దుటూరు మనుషులే. ఊళ్లో అవధానం జరిగితే నా జూనియర్లను తప్పనిసరిగా తీసుకుపోతాను. పద్యాలు ఎంతవరకు అర్థమైనాయన్నది పక్కన పెట్టి, ఆ మనిషి ఎట్లా గుర్తుపెట్టుకుంటున్నాడో చూడమంటాను.

వ్యస్తాక్షరి అనే అంశాన్నే తీసుకోండి. పృచ్ఛకుడి దగ్గర ఒక వాక్యం ఉంటుంది. దాన్ని వరసగా చెప్పడు. అవధాని ఇంకెవరికో పద్యపాదం చెబుతుండగా మధ్యలో వచ్చి, పదిహేడో అక్షరం 'ర' అని ఒక చీటీ చూపించి పోతాడు. కాసేపటికి నాలుగో అక్షరం, ఆ తర్వాత ఇరవయ్యొకటోది. ఒక పక్క నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డం పడుతుంటాడు. ఇంకో పక్క అప్రస్తుత ప్రసంగి లేనిపోని ప్రశ్నలు వేస్తుంటాడు. చివర్లో అవధాని కళ్లు మూసుకుని ఆ చెదిరిన అక్షరాలన్నీ వరసలో పెట్టి వాక్యం చెప్పేస్తాడు. నంబరు, దానికో అక్షరం. సెక్షన్ల చదువు కూడా సరిగ్గా ఇదే పని. నంబరు, దానికో విషయం. అవధాని ఆ ఖాళీ గళ్లను ముందే మనసులో వరసగా పరిచి పెట్టుకుని, వచ్చిన అక్షరాన్ని దాని గడిలో కూర్చోబెడతాడు. గళ్లు లేకుండా అక్షరాలు మోస్తే మూడో చీటీకే కలగాపులగమైపోతుంది.

అవధానంలో ఇంకొకటి గమనించాలి. పద్యం మొత్తం ఒకేసారి చెప్పరు, ఆవృత్తికి ఒక పాదం. ఒకరికి మొదటి పాదం చెప్పి, తక్కినవాళ్లందరినీ చుట్టి మళ్లీ ఆయన దగ్గరకొచ్చేసరికి ఆ పాదం మరుగున పడబోతుంటుంది. అప్పుడు దాన్ని పైకి లాగి, దానికి రెండో పాదం అతకాలి. మరిచిపోయే అంచున తిరిగి పట్టుకోవడం, అదీ పుస్తకం చూడకుండా. నా జూనియర్లకు నేను పెట్టే పద్ధతి ఇదే. పొద్దున సాక్ష్యం ఒక అధ్యాయం, మధ్యాహ్నం సివిల్ ప్రొసీజర్, సాయంత్రం మళ్లీ పొద్దుటి అధ్యాయం పుస్తకం మూసి అప్పజెప్పాలి. రెండు రోజులాగి ఒకసారి, వారమాగి ఒకసారి. తడుముకున్న చోట మాత్రమే పుస్తకం తెరవాలి.

గళ్లు పరుచుకునే పని నేర్పడానికి గండికోటకు తీసుకుపోతాను. మనసులో ఒక కట్టడాన్ని నిలిపి, దాని గదుల్లో విషయాలు దాచుకునే పద్ధతి గురించి క్రీ.పూ. 55లోనే సిసెరో తన వక్తృత్వ గ్రంథంలో రాశాడు. ఆయనా కోర్టుల్లో వాదించిన మనిషే. రోమన్లకు వాళ్ల భవంతులుంటే మనకు పెన్న గట్టున కోట ఉంది. ఆదివారం పొద్దున జమ్మలమడుగులో బస్సు మారి, ఎండ ముదరకముందే కోటలో ఉంటాం.

కోటవాకిట్లో న్యాయ సంహిత నిర్వచనాలు, 1 నుంచి 3. జైలు కట్టడం దగ్గర ఆగితే శిక్షలు, 4 నుంచి 13. ఆ జైలు బయట, శిక్ష తప్పించుకుని నిలబడినవాళ్లను ఊహించుకోమంటాను: పసివాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, ప్రాణం కాపాడుకోవడానికి ఎదురు తిరిగినవాళ్లు. మినహాయింపుల అధ్యాయం, 14 నుంచి 44. కత్తుల కోనేరు దగ్గరికొస్తే ఎవరికీ చెప్పే పనే లేదు. యుద్ధం ముగిశాక కత్తులు కడిగిన కోనేరని ఊళ్లో చెప్పుకుంటారు. శరీరానికి సంబంధించిన నేరాలన్నీ అక్కడే, 100 నుంచి 146. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు చూసుకుంటూ మతానికి సంబంధించిన ఐదు సెక్షన్లు, 298 నుంచి 302. మసీదు పక్కనే రాతితో కట్టిన ఎత్తైన ధాన్యాగారం. చట్టంలో కూడా మతం అధ్యాయం దాటగానే వచ్చేది ఆస్తి నేరాల అధ్యాయమే, 303 నుంచి 334. కోట కట్టినవాళ్లూ చట్టం రాసినవాళ్లూ మాట్లాడుకుని పెట్టినట్లే ఉంటుంది.

ధాన్యాగారం లోపల చల్లగా ఉంటుంది. అక్కడ కూర్చుని దొంగతనం విప్పుతాం. ఇక్కడి గింజల మూటను, యజమాని ఒప్పుకోలు లేకుండా, కాజేసే ఉద్దేశంతో కదిలిస్తే చాలు, అది 303. కదిలిస్తే చాలు, గడప దాటించనక్కర్లేదు. లాక్కుని పరుగెత్తితే 304, కొత్తగా చేర్చిన నేరం. బెదిరించి ఇప్పించుకుంటే 308. అందులో కత్తి బయటికొస్తే 309, దోపిడీ. ఆ దోపిడీకి ఐదుగురో అంతకంటే ఎక్కువమందో వస్తే 310, బందిపోటు. నంబర్లు విడివిడిగా పట్టుకుంటే జారిపోతాయి. ఒక్కో దినుసు చేరుతుంటే నేరం ఎట్లా ముదురుతుందో పట్టుకుంటే ఒకటి ఇంకోదాన్ని లాక్కొస్తుంది. పద్యంలో యతిప్రాసలు చేసే పని ఇక్కడ ఆ దినుసులు చేస్తాయి. ఒకటి తప్పితే తప్పిందని మనకే తెలిసిపోతుంది. చివరికి లోయ అంచుకు వస్తాం. కింద పెన్న. ఆ అంచున నిలబెట్టి బెదిరిస్తే ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు, నేరపూరిత బెదిరింపు 351. తర్వాత ఏడు అడుగుల్లో 358, చట్టం అయిపోయింది.

పిల్లల్ని నిజంగా ఏడిపించేవి ఒకే నంబరుతో రెండు చట్టాల్లో ఉన్న వేరువేరు విషయాలు. పాత ప్రొసీజర్లో 482 అంటే హైకోర్టుకున్న సహజాధికారం, కొత్తదాంట్లో 482 అంటే ముందస్తు బెయిలు. సహజాధికారం 528కి పోయింది. 144 అంటే గుంపులు చేరొద్దనే ఉత్తర్వని దేశమంతటికీ తెలుసు. ఇప్పుడు ఆ ఉత్తర్వు 163, 144 మాత్రం భార్యాపిల్లల మనోవర్తి. పాత పీనల్ కోడ్‌లో 103 ఆస్తిని కాపాడుకునే హక్కు గురించి, కొత్తదాంట్లో 103 హత్య. పోనీ పాతవి పూర్తిగా మరిచిపోదామా అంటే వీల్లేదు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ పాత పీనల్ కోడే. జిల్లాలో ఏళ్ల తరబడి నడుస్తున్న కేసులన్నీ 147, 148, 149, 302లే. అందుకే ఫైలు తెరిచిన వెంటనే సెక్షన్ జోలికి పోకుండా ముందు నేరం జరిగిన తేదీ పైకి చదవమంటాను. తేదీ చెప్పినాకే నంబరు. ఈ అలవాటు పడినాక తడబాటు చాలావరకు తగ్గింది.

19 సబ్జెక్టుల్లో దేన్నైనా వదిలేయాలంటే పిల్లలు ముందు వదిలేసేది భూసేకరణ. రెండు మార్కులే కదా అని. ఈ ఒక్క విషయంలో నేను వాళ్లను వదలను. గండికోట రిజర్వాయరు సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లున్నాయి. అట్లా పొలం మునిగిన ఒక పెద్దాయన మా ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూర్చుని, కాగితం చూడకుండా తన చెక్కుబందీ అప్పజెప్పాడు. తూర్పున వంక, పడమర దాయాదుల చేను, ఉత్తరాన బండిబాట, దక్షిణాన ఫలానా వాళ్ల బావి. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లతో సహా. నోటిఫికేషన్ పడిన తేదీ, అవార్డు తేదీ కూడా. "లాయరమ్మా, ఇప్పుడాడ ఏమీ లేదు, నీళ్లే. యాడేముండెనో మాత్రం కండ్లు మూసుకున్నా చెప్తా" అన్నాడు.

ఆయనకు అన్నీ గుర్తున్నాయి. పరిహారం చాలలేదని అవార్డు తేదీనుంచి ఆరు వారాల్లో 18వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవాలన్న సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది 1894 నాటి పాత చట్టం. అవార్డు రోజు ఎదుట ఉన్నవాళ్లకు ఆరు వారాలు, లేనివాళ్లకు నోటీసు అందిన ఆరు వారాలా, అవార్డు అయిన ఆరు నెలలా, ఏది ముందైతే అది. గడువు దాటితే, పక్క చేనువాడు కోర్టుకుపోయి రేటు పెంచుకున్న రోజునుంచి మూడు నెలల్లో 28ఏ కింద అడగొచ్చు. అదీ దాటితే మేము చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని ప్రొద్దుటూరు బజార్లో వడ్డీవ్యాపారులందరికీ తెలుసు. భూమి పోయినవాళ్ల గడువు చెప్పేవాళ్లే తక్కువ.

అందుకే ఈ ఆదివారం గండికోట బస్సులో న్యాయ సంహిత వద్దన్నాను. భూసేకరణ చట్టాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని అప్పజెప్పాలి. పాతదాంట్లో 4, 6, 11, 18, 28ఏ. 2014 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన 2013 చట్టంలో వాటికి సరిపడే 11, 19, 23, 64, 73. ప్రతి నంబరు వెంట దాని గడువు, వారాలతో, నెలలతో సహా.