పరభాషాబోధకునికి ఏమి నేర్పవలెను?

ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, బడిలో ఇంగ్లీషు: ఇది మన బిడ్డల స్థితి. కావున భాషాబోధనమును గూర్చిన మంచి గ్రంథము ఏ భాషలో వెలువడినను అది మనకు పరాయిది కాదు. ఎన్. ఎస్. ప్రభుగారి ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ (1987) అట్టిది. 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మదరాసు మున్నగు తావుల పాఠశాలలలో సాగిన ఇంగ్లీషు బోధన ప్రయోగమే దీనికి ఆధారము.

మనసు అర్థముపై లగ్నమైనపుడు వ్యాకరణము తనంత తానే పట్టుబడునని గ్రంథకర్త మతము. అందుచే సూత్రములు వల్లె వేయింపక, రైళ్ల వేళలపట్టిక నిచ్చి ఏ బండి ఎక్కవలెనో తేల్చుమందురు; పటమునిచ్చి దారి చెప్పుమందురు. మొదట ఒక సమస్యను తరగతియంతయు గురువుతో కలిసి విప్పును. పిదప అట్టిదే మరియొకదానిని ప్రతి విద్యార్థియు ఒంటరిగా విప్పవలెను.

ఈ పద్ధతి సీమనుండి దిగుమతియైనది కాదు. నల్లబల్ల, సుద్దముక్క, కిక్కిరిసిన తరగతి, వీనినడుమ రూపొందినది. అదియే దీని ఘనత.

అయితే లోపమొకటి మాకు తోచుచున్నది. తరగతిలో సగముమందియైనను సమస్యలో సగమైనను సాధింపగలిగినచో అది తగిన సమస్యయని ప్రభుగారు కొలత చెప్పిరి. ఆ కొలతను పాఠము నడుచుచుండగనే పట్టవలసినవాడు ఉపాధ్యాయుడు. ఆ నేర్పు అతనికెట్లు వచ్చును? ప్రయోగములో బోధించినవారు పలువురు ప్రత్యేకశిక్షణ గలవారు. సామాన్య ఉపాధ్యాయులకు ఈ పద్ధతి అంతగా వశము కాలేదని 1990లో ఎలన్ బెరెట్టా పరిశీలనము తెలిపినది. విద్యార్థి ఎట్లు నేర్చునో విపులముగ చెప్పిన గ్రంథము, గురువు ఎట్లు తయారగునో చెప్పుటలో పొదుపు చూపినది. అదే 1990లో ప్రభుగారు వ్రాసిన వ్యాసమొకటి ఈ కొరతను కొంత తీర్చినది. సర్వోత్తమ పద్ధతి యనునది లేదు, బోధ ఎట్లు ఫలించునో గురువునకే స్వానుభవముచే కలిగిన నమ్మకము ప్రాణమని దాని సారము.

2014 నాటి నిబంధనలచే పట్టభద్రుల బి.ఎడ్. శిక్షణ రెండేండ్లకు పెరిగినది. కాలము పెరిగినంతనే ఆ నమ్మకము కలుగదు. భాషాబోధకుడు కాగోరువాడు తానెరుగని భాష నొకదానిని అక్షరములనుండి కొన్నాళ్లు నేర్చుకొనవలెనని మా అభిప్రాయము. పిల్లవాని తడబాటు అపుడే తెలియును. ఇది వింత కోరిక కాదు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తిగారు ముందు సవరభాషకు శిష్యులై, పిదప సవర బాలురకు వాచకములు వ్రాసిరి.

ఈ విమర్శ ఇంగ్లీషుతో ముగియదు. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము బడులలో తప్పనిసరి ప్రథమభాషయైన పిదప, తెలుగును నిలుపు భారము చాలవరకు ఇంటిపై, సంఘములపై పడినది. మన ఆదివారపు తరగతులకు వచ్చు బిడ్డలలో పెక్కుమందికి తెలుగు చెవికి చుట్టము, కంటికి క్రొత్త. వారికి మాతృభాష నేర్పినట్లు పద్యముతో మొదలిడుట తగదు. పరభాష నేర్పునంత ఓర్పుతో మొదలిడవలెను. తెలుగు వచ్చిన ప్రతివారును తెలుగు నేర్పగలరను భ్రమను మనము ముందుగా విడువవలెను.